దిరిసెన కింద తరగతి

జనవరి 10

స్కేలుపుల్లా,

నీ ఉత్తరం చేరింది. మీ పిన్ని ముందు తను విప్పి చదివి, ఆనక నాకిచ్చింది. ఈ ఇంట్లో నా పేరున వచ్చే ఉత్తరాలకి సెన్సారు ఉంది. అదేమిటే అంటే, "నీకు కళ్ళజోడు దొరకదు కదమ్మా" అంటుంది. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

ఫోను మానేసి ఉత్తరం రాసినందుకు సంతోషం. నా చెవులు రాజీనామా ఇచ్చి ఏడాది దాటింది. నువ్వు ఫోనులో ఏదో చెప్పడం, నేను "ఆఁ, ఆఁ" అనడం, నాకు అర్థమైందని నువ్వనుకోవడం, ఈ నాటకం ఇద్దరికీ విసుగే.

మొత్తానికి నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన కాలేజీ ఆవరణనే నువ్విప్పుడు బాగుచెయ్యబోతున్నావన్నమాట. గోడలు గీయడం చదువుకున్నదానివి, తోటలు నీకెవరు అప్పజెప్పారే? చిన్నప్పుడు ప్లాస్టిక్ పూలకి నీళ్ళు పోసిన మనిషివి. చేతిలో స్కేలు పట్టుకుని పిల్లి తోక కొలవబోయి గీరించుకున్నదానివి. ఆ పేరు నీకు ఊరికే రాలేదు.

మీ ప్రిన్సిపాలు నా శిష్యుడే. "వాడు" అనకూడదేమో గానీ అలవాటు పోదు. వాడు నా ప్రాక్టికల్ పరీక్షలో ఫెయిలైన ఘనుడు. నా చెట్లన్నిటికీ రేకు ముక్క మీద పేరు రాసి మెడలో తీగతో కట్టేదాన్ని. పరీక్షలో ఆకు చూడకుండా రేకు చూసి రాసే మహానుభావులు ఉంటారు కదా, వాళ్ళ కోసం ముందురోజు సాయంత్రం ఒకలాంటి చెట్ల రేకులు ఒకదానిది ఇంకోదానికి మార్చేసేదాన్ని. పరీక్ష కాగానే ఎవరి పేరు వాళ్ళకి. వీడు రేకుల మీద ఉన్నది ఉన్నట్టు దించేశాడు. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునేవాళ్ళని చూశాం గానీ, రేకు పేరు చెప్పి మార్కులడిగినవాణ్ణి వీణ్ణే చూశాను. అప్పట్నించీ పిల్లలు వాణ్ణి రేకుల రాజు అనేవారు. ఈ సంగతి నీకు తెలుసని వాడికి తెలియనివ్వకు.

నిన్ను ఒక్కటే అడుగుతాను. డిపార్ట్‌మెంటు వెనక, నీళ్ళ పంపు పక్కన ఒక దిరిసెన ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు గది ఖాళీ లేదు, వచ్చే ఏడు కడతామన్నారు. నా సర్వీసు అయిపోయింది గానీ ఆ వచ్చే ఏడు రాలేదు. పాఠాలన్నీ ఆ చెట్టు కిందే చెప్పాను. అది నా గది. నువ్వేం కట్టినా, ఏం పడగొట్టినా దాని జోలికి ఎవర్నీ రానివ్వకు. వార్షికోత్సవానికి నన్ను తీసుకెళ్ళు. ఒక్కసారి దాని కింద కూర్చుని వచ్చేస్తే చాలు, ఆ తర్వాత మోకాళ్ళు కూడా రాజీనామా ఇచ్చుకోవచ్చు.

అమ్మమ్మ
(చెవులు మినహా కులాసా)


జనవరి 23

అమ్మమ్మా,

భోజనాల వేళ, కొత్త బ్లాకు మెట్ల మీద కూర్చుని, పనికిరాని నక్షా కాగితం వెనక రాస్తున్నాను. ఎక్కడైనా అక్షరాల మధ్య అడ్డగీత కనిపిస్తే అది కార్ల షెడ్డు అనుకో.

నీ కాలేజీని నువ్విప్పుడు గుర్తుపట్టవు. ముందున్న ఖాళీ స్థలమంతా కార్లే. వాటి సందుల్లో నిలబడి పిల్లలు డబ్బాలు విప్పుకుని తింటున్నారు. స్కూటరు సీటు మీద పుస్తకం పరుచుకుని, నిలబడే చదువుకుంటున్నారు. ఇంత పెద్ద కాలేజీలో నలుగురు కూర్చునే జాగా లేదు. ప్రిన్సిపాలుగారితో అదే అన్నాను. "అయితే పచ్చిక వేయించండి, ఫొటోల్లో బావుంటుంది" అన్నారు. "పచ్చిక మీద కూర్చోనిస్తారాండీ?" అన్నాను. "కూర్చుంటే పచ్చిక పాడవదూ?" అన్నారు.

నేను గీసినవి ఒక్కొక్కటే కొట్టేస్తున్నారు. నడవా పక్క చెట్ల వరసకి బదులు దీపస్తంభాలు. బెంచీలకి బదులు కాలేజీ పేరు చెక్కిన పాలరాతి గోడ. కాదంటే, "మీవల్ల కాకపోతే చెప్పండమ్మా, వేరేవాళ్ళున్నారు" అంటారు. అది ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో. ఒక్కటి మాత్రం పట్టుబట్టి నిలబెట్టుకున్నాను, ఆరుబయలు తరగతి. నీ దిరిసెన చుట్టూ అర్ధచంద్రంలా మెట్లు కట్టిస్తున్నాను. వర్షం లేని రోజున ఎవరైనా అక్కడ పాఠం చెప్పుకోవచ్చు. అది నీకోసం అడిగానని ఆయనకి చెప్పలేదు.

నీ రేకులు ఉన్నాయి అమ్మమ్మా! తుప్పుపట్టినా నీ గుండ్రటి అక్షరాలు తెలుస్తున్నాయి. దిరిసెన దొరికింది, నువ్వన్నట్టే పంపు పక్కన. దాన్ని ఆనుకున్నట్టే సుబాబుల్ అని రేకున్న చెట్టు ఇంకోటి ఉంది. రెండింటికీ ఎండిన కాయలే. రేకులు లేకపోతే ఏది ఏదో నాకు తెలిసేది కాదు. సుబాబుల్ చచ్చిపోయినట్టుంది, ఒక్క ఆకు లేదు. సరిగ్గా మెట్లకి అడ్డంగా ఉంది. పిల్లల మీద పడకముందే కొట్టించమని ప్రిన్సిపాలుగారు అంటున్నారు. గాలేస్తే ఆ మూలంతా ఒకటే గలగల, అదొక తలనొప్పి ఆయనకి.

నర్సరీ అతను ఒక్కడే ఇక్కడ మనిషిలా మాట్లాడతాడు. రోజూ నాకు కూడా టీ తెస్తాడు. అతన్నడిగితే, "కుండీలో పట్టేవాటి సంగతైతే చెప్తానమ్మా, అంత పెద్ద చెట్లు నాకు తెలీవు" అన్నాడు. కాబట్టి నువ్వే చెప్పు. సుబాబుల్‌ని కొట్టించనా? నీ మాట లేకుండా నీ తోటలో కొమ్మ కూడా విరవనివ్వను.

నీ
స్కేలుపుల్ల


ఫిబ్రవరి 2

స్కేలుపుల్లా,

నక్షా కాగితం బావుంది. ఇటు తిప్పితే కార్ల షెడ్డు, అటు తిప్పితే నీ గోడు.

ముందు అసలు సంగతి. ఆ నర్సరీ అతనెవరు? నీకు రోజూ టీ ఎందుకు తెస్తున్నాడు? మొక్కలమ్ముకునేవాడైతే నాకేం అభ్యంతరం లేదు, ఈ ఇంట్లో ఒక్కడికైనా మట్టి అంటుకుంటుంది. మీ పిన్ని మాత్రం ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి మరీ నాకిచ్చింది.

సుబాబుల్ గురించి రెండోసారి అడగకు. కొట్టించెయ్. దాన్నెవరూ నాటలేదు. పిలవకుండా వచ్చి, పీట వేసుకుని, ఆనక పిల్లామేకనంతా రప్పించుకున్న చుట్టం అది. దాని మొలకలు పీకి పీకి నా గోళ్ళు అరిగాయి. కొట్టించమని అడిగినప్పుడల్లా, "పచ్చని చెట్టు కొట్టకూడదు మేడమ్" అని ఆఫీసువాళ్ళు నాకే వృక్షశాస్త్రం చెప్పేవాళ్ళు. దానంతట అదే చచ్చిందంటే, అది బతుకులో చేసిన మంచిపని అదొక్కటే.

గలగల అన్నావే, అది నా దిరిసెన గొంతు. ఏటా ఈ రోజుల్లో దానికి వాగుడెక్కువ. గాలేస్తే నేను పాఠం ఆపేసేదాన్ని. "మేడమ్ ఆగారంటే మేడమ్‌ని మించినావిడ మొదలుపెట్టిందన్నమాట" అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. మీ తాత కాపురమంతా ప్రయత్నించినా నా నోరు ఆపలేకపోయాడు. ఆ చెట్టు ఆపింది.

మీ ప్రిన్సిపాలు వేరేవాళ్ళున్నారంటే, "ఉంటే ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారండీ?" అని అడుగు. మెత్తగా అడుగు. మెత్తగా అడిగితేనే గుచ్చుకుంటుంది.

నా తుంటి ఈ చలికి సతాయిస్తోంది. దీనికీ కాలేజీ మీద బెంగే కాబోలు, అక్కడ విరిగిందేగా. ఆఖరి ఏడు ప్రాక్టికల్ పరీక్ష జరుగుతుండగా, ఆదరాబాదరాగా దిగుతూ డిపార్ట్‌మెంటు మెట్ల మీద పడ్డాను. అటునుంచి అటే ఆస్పత్రికి మోసుకుపోయారు. మళ్ళీ ఆ గేటు లోపల అడుగు పెట్టలేదు. రిటైర్మెంటు కాగితం మీద సంతకం కూడా మంచం మీదే పెట్టాను. అందుకేనేమో, గదికి తాళం వెయ్యకుండా వచ్చేసినట్టు ఇప్పటికీ మనసు పీకుతూ ఉంటుంది. ఆ చెట్టు కింద ఒక్కసారి కూర్చుంటే ఆ తాళం పడుతుంది.

వేళకి తిను. నిలబడి తినకు.

అమ్మమ్మ


ఫిబ్రవరి 16

అమ్మమ్మా,

నిన్న సుబాబుల్‌ని కొట్టించేశాం. నీ పీడ వదిలింది.

అంత సులువుగా వదల్లేదులే. రంపం పళ్ళు మొద్దుబారి మధ్యలో మార్చాల్సొచ్చింది. "చచ్చిన చెట్టుకి ఇంత పంతమేంటమ్మా!" అని కోసే అతను నవ్వాడు. లోపల చేవ ముదురు గోధుమరంగు, ఎంత బావుందో. చెయ్యి పెట్టి చూస్తే కొంచెం తడి తగిలింది. మంచు దిగి ఉంటుందిలెమ్మన్నాడు. మోడుని పెకలించాలంటే వేరే మెషీను రావాలట, నాకిక ఆ పోట్లాటకి ఓపిక లేక వదిలేశాను. కింది మెట్టు పక్కన నేలకి జానెడెత్తున ఉండిపోయింది. ఎవరైనా పుస్తకాల సంచీ పెట్టుకుంటారు. దాని రేకు మాత్రం తీగ తెంపి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ మూలకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. గలగల కూడా తగ్గింది, గాలి పడిపోయినట్టుంది. ప్రిన్సిపాలుగారు కిటికీలోంచి చూసి నవ్వారు. నేను చేరాక ఆయన నవ్వడం ఇదే మొదలు. ఆ నవ్వు చల్లారకముందే మెట్ల పని మొదలుపెట్టించాను.

నర్సరీ అతనికి మనవలున్నారు. ఎర్రగీత చెరిపెయ్యమని పిన్నికి చెప్పు.

కవర్లో ఒక కాయ పెట్టాను. నీ శత్రువుదే. కొమ్మలు పడ్డప్పుడు నేలంతా రాలాయి, మంచిది చూసి ఏరాను. గెలిచినవాళ్ళు ఏదో ఒకటి గుర్తుగా తెచ్చుకుంటారుగా! ఊపి చూడు, అచ్చం గిలక్కాయే.

నిద్ర ముంచుకొస్తోంది. ఈమధ్య కూర్చుంటే చాలు నిద్రొస్తోంది. అందుకే కూర్చోవడం లేదు.

నీ
స్కేలుపుల్ల


ఫిబ్రవరి 25

అమ్మాయీ,

కాయ అందింది. పిన్ని కవరు విప్పుతుంటే జారి నేల మీద పడింది. తీసి చేతికిచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఇవాళ ఎక్కువ రాయను. ఊరికే ఒక సంగతి అడుగుతాను. నేనొచ్చేశాక ఆ రేకుల్ని ఎవరైనా ముట్టుకున్నారా? దిరిసెన అన్న రేకున్న చెట్టుకి కాయలు దేనికది విడివిడిగా ఉన్నాయా, గుత్తులుగా ఉన్నాయా?

వార్షికోత్సవానికి రాలేనేమో. మోకాళ్ళు.

గిలక్కాయ అన్నావు. ఊపాను. నాకు వినపడలేదు. గుప్పిట్లో పట్టుకుని ఊపితే అదురు తెలుస్తోంది.

నీ పని కానియ్యి.

అమ్మమ్మ


మార్చి 6

అమ్మమ్మా,

నీ దగ్గర్నించి ఇంత పొట్టి ఉత్తరం ఎప్పుడూ రాలేదు. భయమేసి పిన్నికి ఫోను చేశాను. "ఏమోనే, రెండు రోజుల్నించి ఎవర్నీ తిట్టలేదు" అని ఏడుపు గొంతుతో చెప్పింది. డాక్టరుకి చూపించారా? "అమ్మాయీ" అని రాశావేంటి, నేను పరాయిదాన్నా?

రేకుల్ని ఎవరూ ముట్టుకోలేదు. అదే తీగ, అదే ముడి. చిన్నప్పుడు నా జడ చివర వేసేదానివే, విప్పడం నీకు తప్ప ఎవరి తరమూ కాని ముడి. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది, అమ్మమ్మ కట్టిందే కదా అని. నీ చెట్టుకి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, చిన్నచిన్నవి, సన్నవి. ఆకు కూడా నిండుగా ఉంది. చూశావా, బాగానే చూసుకుంటున్నాను.

మెట్లకి సిమెంటు వాడించానని కోపమొచ్చిందా? ముందు మట్టి ఇటుకలే అనుకున్నాను, కుదరనివ్వలేదు. ఏదీ కుదరనివ్వలేదు అమ్మమ్మా. పచ్చిక వేశారు, దాని చుట్టూ గొలుసు కట్టారు. పాలరాతి గోడ లేచింది. పిల్లలు ఇంకా స్కూటర్ల మీదే చదువుకుంటున్నారు. సాయంత్రం గదికొచ్చి చెప్పులు విప్పకుండానే పడుకుంటున్నాను. ఈ మొత్తం ఆవరణలో నేను చేశానని చెప్పుకోవడానికి మిగిలింది ఆ మెట్లూ, ఆ చెట్టూ. నువ్వొచ్చి దాని కింద కూర్చుని ఒక్కసారి "బావుందే" అను. అది చాలు. నువ్వు రాకపోతే ఇదంతా దేనికి చేశానో నాకే తెలీదు.

మోకాళ్ళని బతిమాలు.

నీ
స్కేలుపుల్ల


మార్చి 13

స్కేలుపుల్లా,

వస్తాను. మోకాళ్ళతో మాట్లాడాను, ఒప్పుకున్నాయి.

సిమెంటు మీద నాకేం కోపం లేదు, అదేం చేసింది పాపం. నీ మీద అంతకన్నా లేదు. నాలుగు రోజులు నోటికి సెలవిచ్చాను, అంతే. దానికే డాక్టరట! తిడితే బీపీ అంటారు, తిట్టకపోతే డాక్టరంటారు.

మీ పిన్ని కూడా వస్తానంటోంది. నన్ను పట్టుకోవడానికి కాదట, నా నోరు పట్టుకోవడానికట. ఆ అవసరం రాదులే. మైకు మాత్రం వద్దని మీ ప్రిన్సిపాలుకి చెప్పు.

నువ్వు మంచి చీర కట్టుకో. చెప్పులు విప్పి పడుకో.

అమ్మమ్మ


మార్చి 29

అమ్మమ్మా,

నిన్నూ పిన్నినీ రైలెక్కించి వచ్చాక రెండు రోజులు ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపాను.

వార్షికోత్సవం రోజున నువ్వు నడుచుకుంటూ వస్తుంటే పిల్లలంతా లేచి నిలబడ్డారు. వచ్చి చెట్టు మీద చెయ్యి వేశావు. వేసి చాలాసేపు తియ్యలేదు. నీ గది నీకు దొరికిందని నా కళ్ళు నిండాయి. చెయ్యి చెట్టు మీద ఉన్నా చూపు మాత్రం కింది మెట్టు పక్క మోడు మీదే ఉందని అప్పుడు గమనించలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది.

ప్రిన్సిపాలుగారు వద్దంటున్నా మైకు చేతిలో పెట్టారు. "ఇది దిరిసెన. దీని కింద నేను పాఠాలు చెప్పాను" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే రెండో మెట్టు మీంచి, జడలో పెన్ను దోపుకున్న అమ్మాయి లేచింది. "మేడమ్, ఇది దిరిసెన కాదేమోనండీ. ఆకు మరీ సన్నంగా ఉంది. కాయలు కూడా గుత్తులుగా ఉన్నాయి. సుబాబుల్ కదండీ?" అంది.

నీకు వినపడలేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను. పిన్ని వంగి నీ చెవిలో చెప్పింది. నువ్వు ఆ అమ్మాయిని చూశావు. తర్వాత నన్ను చూశావు. తర్వాత మైకులో "కూర్చో" అన్నావు.

"రేకు మీద రాసుంది కదమ్మా, చదవడం రాదా?" అన్నారు ప్రిన్సిపాలుగారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. నేనూ నవ్వాను అమ్మమ్మా.

మర్నాడు లైబ్రరీలో చెట్ల పుస్తకం తీశాను. దిరిసెన బొమ్మ పక్కన కాయ బొమ్మ ఉంది. జానెడు పొడుగు, గడ్డిరంగు, దేనికది విడిగా. నేను ఏరి నీకు పంపిన కాయ. ఎండాకాలం ముందు ఆకంతా రాలుస్తుందనీ, చచ్చినట్టు కనిపిస్తుందనీ రాసుంది.

పరీక్ష ముందు రేకులు మారుస్తానని జనవరిలో రాశావు. ఆఖరి పరీక్ష మధ్యలో పడి మళ్ళీ కాలేజీకి రాలేదని ఫిబ్రవరిలో రాశావు. రెండు ఉత్తరాలూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఆవరణలో ప్రతి గజమూ కొలిచాను గానీ, ఈ రెండు ముక్కలూ కలిపి చూసుకోలేదు.

కాయ చూసినప్పుడే నీకు తెలిసిపోయింది. ఎందుకు చెప్పలేదు? సగం ఆకు తప్పు గీస్తే మార్కులు కోసేసిన మనిషివి, అంతమంది ముందు అబద్ధం ఎందుకు చెప్పావు? నీ గదిని నేనే కూల్చి, పక్కింటికి మెట్లు కట్టి, నీచేత దానికి దండం పెట్టించాను. నన్ను తిట్టు అమ్మమ్మా. నువ్వు తిట్టకపోతే ఇది తెమలదు.

రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. సోమవారం ఇచ్చేస్తాను.

స్కేలుపుల్ల


ఏప్రిల్ 2

స్కేలుపుల్లా,

రాజీనామా చింపెయ్. నా చెవులూ మోకాళ్ళూ ఇచ్చినవే చాలు ఈ వంశానికి.

తిట్టమన్నావు. కాయ వచ్చిన రోజున తిడదామనే కూర్చున్నాను. "నీకు కళ్ళున్నాయటే" అని మొదలుపెట్టి కొట్టేశాను. కొట్టించమన్నది నేను. రెండోసారి అడగొద్దన్నది నేను. ఆ రేకు కట్టినదీ నేనే. ఆ సాయంత్రం వచ్చి విప్పుదామనుకున్నవి, ఆస్పత్రి మంచం మీద ఎవరికి గుర్తుంటాయి? ఎవర్ని తిట్టాలో తేలాక కాగితం దండగ అనిపించింది. పైగా నా తిట్లకి చెట్టు లేచి నిలబడదు, నువ్వు మాత్రం కూలబడతావు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఆ చెట్టుకి ఆ రోజున ఆకులు కూడా లేవు.

ఏడ్చానా అని నువ్వడగలేదు, అడిగే ధైర్యం లేక. ఏడ్చాను. పిన్ని చూడలేదు, చూస్తే అదీ సెన్సారు చేసేది. ఆ చెట్టూ నేనూ, మా ఇద్దరిలో నేనే ముందు పోతాననుకున్నాను. లెక్క తప్పింది. ముసలితనంలో లెక్కలు తప్పడం మామూలే, దానికి నువ్వు ఉద్యోగం మానెయ్యక్కర్లేదు.

మెట్లు బావున్నాయే. ఆ రోజు చెప్పాల్సింది, నోరు రాలేదు. తుంటి విరిగినదాన్ని, ఒకరి చెయ్యి పట్టుకోకుండా దిగాను. అంత చూసి కట్టినదానివి, చెట్లు కూడా నేర్చుకుంటావులే. మొక్కై వంగనిది మానై వంగదంటారు గానీ, నీకింకా మాను వయసు రాలేదు.

నాకిప్పుడు నిద్ర పట్టనివ్వనిది చెట్టు కాదు. ఆ పిల్ల.

అబద్ధం చెప్పాలనే బయల్దేరి వచ్చాను. నీ మొహం చూశాక చెప్పడం కష్టం కాలేదు. ముసలివాళ్ళకి అబద్ధాలు మందుబిళ్ళల్లాంటివి, రోజుకి నాలుగు మింగుతాం. కానీ ఒకరు లేచి నిలబడతారని అనుకోలేదు. నా సర్వీసులో తప్పు చెప్పినవాళ్ళని చాలామందిని కూర్చోమన్నాను. ఒప్పు చెప్పినవాళ్ళని ఏనాడూ అనలేదు. రేకు చూసి రాసినవాణ్ణి అప్పట్లో ఫెయిల్ చేశాను. ఆకు చూసి చెప్పినదాన్ని ఇప్పుడు పదిమందిలో కూర్చోబెట్టాను. రేకుల రాజు నవ్వాడు చూశావూ? ఇన్నేళ్ళకి వాడు నా పరీక్ష పాసయ్యాడు, నేను ఫెయిలయ్యాను. దిరిసెన కింద కూర్చుంటే నా తాళం పడుతుందన్నాను కదా. ఆ పిల్ల అలా కూర్చుని ఉన్నంతకాలం అది పడదు.

ఈ కవర్లో కాయ తిరిగి పంపుతున్నాను. గింజలు అందులోనే ఉన్నాయి. "నాటొచ్చు కదమ్మా, మళ్ళీ చెట్టవుతుంది" అంది మీ పిన్ని. అవుతుంది, ఎవరికో. నాటాలనుంటే ఆ పిల్ల నాటుకుంటుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. ఆ జడలో పెన్ను పిల్లని వెతుకు. మెట్ల దగ్గరికి తీసుకెళ్ళు. ఎవరూ లేని వేళ చూసి కాదు, అందరూ ఉన్నప్పుడు. మీ ప్రిన్సిపాలు కూడా ఉంటే మరీ మంచిది. కాయ ఆ పిల్ల చేతిలో పెట్టి ఏ చెట్టుదో అడుగు. నువ్వు అందివ్వకు, కళ్ళతో కూడా. చెప్పాక, దిరిసెన అన్న రేకు తనచేతే తీయించు. నా ముడి విప్పబోతే రాదు, తీగ తెంపే కత్తెర ఇవ్వు. ఆ రేకు మోడు పక్కన పాతించు. సుబాబుల్ రేకు నీ దగ్గరే ఉండాలి, దాన్ని సుబాబుల్‌కే కట్టించు. ఎవరూ నాటకపోయినా పెరిగింది, ఇన్నేళ్ళు ఇంకొకరి పేరు మోసింది, పైగా నాచేత దండం కూడా పెట్టించుకుంది. ఇక దాని పేరున అది పిల్లలకి నీడనివ్వనీ.

మీ ప్రిన్సిపాలు ఇదేమిటని అడిగితే, తప్పు రేకు కట్టింది మా అమ్మమ్మ అని చెప్పు. నాకు మార్కులు కోయడానికి వాడి దగ్గర కాగితం లేదు.

ఒక్కటి మర్చిపోకు. ఆ పిల్ల లేచి నిలబడి జవాబు చెప్తుంది. చెప్పడం అయ్యేదాకా ఎవర్నీ కూర్చోమననివ్వకు.

అమ్మమ్మ